అప్‌డేట్: మార్చవలసినవి బర్నర్లు కావు, జెట్లు

పైపు గ్యాసున్న ఇంటి నుంచి సిలిండరు వాడే ఇంటికి మారాక పొయ్యి మంట పసుపురంగులో ఎగసి గిన్నెల అడుగు మసిబారుతోందని, ఇత్తడి బర్నర్లు మార్చాలా అని లోగడ అడిగాను. మీలో ఒకరు సూచించినట్లు జెట్లు (బర్నరులోకి గ్యాసును వదిలే సన్న రంధ్రపు చిన్న ముక్కలు) విప్పించి చూడగా, ఒత్తిడీ, మండితే వచ్చే వేడిమీ తక్కువగా ఉండే పైపు గ్యాసు కోసం బిగించిన పెద్ద రంధ్రపు జెట్లే ఇంకా ఉన్నాయని తేలింది. మొదటి దుకాణదారు బర్నర్లనే అంటగట్టబోయాడు; రెండో చోట మాత్రం పాత జెట్టును పక్కన పెట్టుకుని, మరలు సరిపోతాయో లేదో, తలపై చెక్కిన రంధ్రపు సైజు అంకె ఏమిటో చూసి మరీ, సిలిండరు గ్యాసుకు తగిన చిన్న రంధ్రపు జెట్లు ఇచ్చారు. పెద్ద బర్నరుకూ చిన్నదానికీ జెట్లు వేరని అక్కడే తెలిసింది. మెకానిక్ వాటిని బిగించి, సబ్బు నురుగుతో లీకు లేదని నిర్ధారించుకుని వెలిగించగా, మంట నీలంగా నిలిచింది. ఒక నాబ్ మాత్రం ఇంకా బిగుతుగానే తిరుగుతోంది. దాని వాల్వుకు గ్రీజు పెట్టించాలి.