తల్లిదండ్రులకు వాట్సాప్‌లో పాఠాల కబురు ఎలా పంపుతున్నారు?

ములుగు జిల్లాలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడు, నాలుగు తరగతులు చెప్తాను. ప్రతి శనివారం ఆ వారం చెప్పిన లెక్కలు, పరిసరాల విజ్ఞానం పాఠాల గురించి తల్లిదండ్రుల గ్రూపులో రాస్తాను. బ్లూ టిక్కులు పడతాయి, జవాబు మాత్రం ఉండదు. మిరప కోతల రోజుల్లో అయితే ఆ టిక్కులు కూడా రాత్రి తొమ్మిది దాటాకే.

అసలు చిక్కు వేరే ఉంది. 52లోంచి 27 తీసెయ్యాలంటే నేను పుల్లల కట్టలతో చూపిస్తాను. ఐదు పదుల కట్టల్లో ఒకటి విప్పితే చేతిలో 12 విడి పుల్లలు, అందులోంచి 7 తీస్తాం. ఇంట్లో మాత్రం "పక్కింట్లో అప్పు తెచ్చుకో" అని నేర్పుతున్నారు. జవాబు 25 వస్తుంది గానీ, ఎందుకు వచ్చిందో పిల్లాడు చెప్పలేడు. (అప్పు తీర్చేదెప్పుడు టీచర్ అని ఒకడు అడిగాడు కూడా!)

పరిసరాల విజ్ఞానంలోనూ ఇదే గొడవ. మనది ములుగు జిల్లా, రాష్ట్రంలో 33 జిల్లాలు అని నేను చెప్తే, "కాదు, మనది వరంగల్, జిల్లాలు పదే" అంటాడు తాత. 2016కు ముందు ఆయన మాటే నిజం మరి.

పెద్దవాళ్లను తప్పుపట్టినట్టు కాకుండా ఇది ఎలా చెప్పాలి? చదువు రాని తల్లులూ ఉన్నారు కాబట్టి రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ నయమా, లేక పుల్లల వీడియోనా? చేసి చూసిన టీచర్లు, తల్లిదండ్రులు కాస్త చెప్పండి.