నెట్‌వర్క్ స్విచ్ చేసే ‘రీమార్క్’కి తెలుగు మాట ఏది?

ప్రశ్న: డిప్లొమా పిల్లల కోసం నెట్‌వర్క్ స్విచ్‌ల మీద తెలుగులో నోట్స్ రాస్తూ ఒకచోట ఆగిపోయాను. ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్క) మీదున్న ప్రాధాన్య సంఖ్యను స్విచ్ చెరిపి వేరేది వేస్తే రీమార్క్ చేసింది అంటారు. యంత్రానువాదంలో ‘వ్యాఖ్యానించును’ అని వచ్చింది! ‘పునర్ముద్రణ’ అందామంటే పుస్తకం రెండోసారి అచ్చేసినట్టుంది.

జవాబు: పాపం యంత్రాన్ని అనకండి. సిస్కో రౌటర్ల యాక్సెస్ లిస్టులో (ఏ ట్రాఫిక్‌ని రానివ్వాలో చెప్పే నియమాల పట్టీలో) రిమార్క్ అనే కమాండు నిజంగా వ్యాఖ్య రాసుకోవడానికే. ఇక్కడ మాత్రం రీ, మార్క్ అని విడగొట్టి చదవాలి. ‘మారుగుర్తు’ ఎలా ఉంది? మారుపేరు లాగా.

అడిగినవారు: బాగుందండీ. కానీ మారుతాళం, మారువేషం అనగానే దొంగ గుర్తొస్తాడు. స్విచ్ చేసేది మోసం కాదు కదా.

జవాబు: మోసం ప్యాకెట్ పంపినవాడిదే కావచ్చు. ప్యాకెట్ మొదట్లో ఉండే ఐపీ హెడర్లో ఈ గుర్తుకి 6 బిట్లు, అంటే 0 నుంచి 63 దాకా. వాయిస్ కాల్‌కి మామూలుగా 46 వేస్తారు. సినిమా దించుకునే కంప్యూటర్ కూడా 46 వేసుకొస్తే? ఆ కంప్యూటర్ తగిలించిన పోర్టును నమ్మొద్దని ముందే చెప్పి ఉంటే స్విచ్ దాన్ని 0 చేసేస్తుంది. మగపెళ్లివారమంటూ మొదటి బంతిలో కూర్చున్నవాణ్ణి లేపి వెనక్కి పంపినట్టు.

ఇంకొకరు: అయితే ‘గుర్తు తగ్గించుడు’ అంటే సరిపోదా? మా వైపు అట్లనే అంటం.

జవాబు: అక్కడే చిక్కండీ. ఒప్పుకున్న వేగం దాటిన ట్రాఫిక్‌ని పారేయకుండా 26ని 28 చేయడం కూడా ఉంది. అంకె పెరిగింది, హోదా పడిపోయింది. ప్యాకెట్లు వేచి ఉండే క్యూ అదే, కానీ రద్దీ వస్తే ముందు పారేసేది 28 వాళ్లనే. అందుకే తగ్గించడం కన్నా ‘మార్చడం’ నయం.

అడిగినవారు: సరే, శీర్షికలో రీమార్కింగ్ అనే ఉంచి, వాక్యాల్లో ‘గుర్తు మారుస్తుంది’ అని రాస్తాను. క్యూకి మీ ‘బంతి’ వాడుకోనా?

జవాబు: పిల్లలు ఆడుకునే బంతి అనుకుంటారేమో! క్యూ అనే ఉంచండి. ప్రయారిటీ క్యూ (అన్నిటికన్నా ముందు పంపే క్యూ) గురించి చెప్పేటప్పుడు మాత్రం బంతిని తీసుకురండి. దానికి హద్దు పెట్టకపోతే మొదటి బంతికే మళ్లీ మళ్లీ వడ్డిస్తూ ఉంటారు, వెనకున్నవాళ్ల విస్తళ్లు ఖాళీ. ఇంగ్లీషువాళ్లు కూడా దాన్ని స్టార్వేషన్ అనే అంటారు, అంటే ఆకలితో మాడడమే.