"లా" కనబడితే చాలు, ఉపమాలంకారమేనా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖ):
పదో తరగతి పిల్లలు ఉపమేయాన్ని (దేన్ని పోలుస్తున్నామో అది), ఉపమానాన్ని (దేనితో పోలుస్తున్నామో అది) తారుమారు చేస్తున్నారు. "లా", "వలె" ఉన్న ప్రతిచోటా ఉపమ అని రాసేస్తున్నారు. ఈ మూడింటినీ ఎలా విడదీసి చెప్పాలండి?
"2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు చెట్లు గడ్డిపరకల్లా వంగిపోయాయి."
"ఆమె మాటలు తేనెలా ఉన్నాయి."
"ఎప్పటిలాగే రైలు ఆలస్యంగా వచ్చింది."

జవాబు 1:
మొదటి వాక్యంలోంచి "గడ్డిపరకల్లా" తీసేయించండి. "చెట్లు వంగిపోయాయి" మిగిలింది, కబురు చెడలేదు. అంటే తీసేసిన గడ్డిపరకలే ఉపమానం, మిగిలిన చెట్లు ఉపమేయం. వాక్యంలో ఏది ముందొచ్చిందన్న దానితో పనిలేదు, పిల్లలు తడబడేది అక్కడే. సమానధర్మం, అంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది, వంగిపోవడం. ఉపమావాచకం, అంటే పోలికను తెలిపే మాట, "లా" మాత్రమే, "ల్లా" కాదు. ముందున్న "ల" బహువచనానిది. నాలుగూ ఉన్నాయి కనుక పూర్ణోపమ (నిండు ఉపమ).

రెండోదానిలో "ఉన్నాయి" సమానధర్మమని రాస్తే తప్పు. తేనెకూ మాటకూ ఉమ్మడి గుణం తీయదనం, అది వాక్యంలో లేదు. కాబట్టి లుప్తోపమ, అంటే ఆ నాలుగింటిలో ఏదో లోపించిన ఉపమ. "తేనెమాట" అంటే వాచకం కూడా పోయింది, అదీ లుప్తోపమే.

మూడోది అలంకారమే కాదు. రెండు వేర్వేరు వస్తువుల మధ్య మనోహరమైన పోలిక ఉండాలి. "భీమిలిలాగే రుషికొండలోనూ బీచ్ ఉంది" అన్నా అంతే, ఉట్టి సమాచారం.

జవాబు 2:
ఉత్ప్రేక్ష (ఊహించి చెప్పే అలంకారం) దగ్గరా జాగ్రత్త. "డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్ వెలుగు, దారి తప్పిన ఓడను వెతుకుతోందా అన్నట్లు తిరుగుతోంది." ఇది పోలిక కాదు, ఊహ. వెలుగు దేన్నీ వెతకదు, ఆ పనిని చెప్పేవారు దానికి అంటగట్టారు.

ప్రశ్నించినవారు:
అలాగైతే "గొర్రె కసాయివాణ్ణి నమ్మినట్లు నమ్మాడు" మాటేమిటండి? ఇందులోనూ "నట్లు" ఉంది కదా.

జవాబు 2:
ఉపమే. గొర్రె నమ్మడం లోకంలో అందరికీ తెలిసిన సంగతి, అప్పటికప్పుడు ఊహించింది కాదు. అతని నమ్మకం ఉపమేయం, గొర్రె నమ్మకం ఉపమానం. ప్రత్యయాన్ని కాదు, దాని ముందున్నది తెలిసిన విషయమా, కల్పనా అన్నది చూడమనండి.

జవాబు 1:
రూపకం కూడా ఇదే పాఠంలో కలిపి చెప్పేయండి. "రాక్షసిలాంటి తుపాను" ఉపమ. "తుపాను రాక్షసి" అంటే తుపాను అనే రాక్షసి, భేదమే లేదన్నారు కాబట్టి రూపకం. విగ్రహవాక్యంలో (సమాసాన్ని విడదీసి చెప్పే వాక్యంలో) "వంటి" వస్తోందా, "అనెడు" వస్తోందా అని రాయించి చూడండి.