ఫోనులో తెరిచిన ఉత్తరం కంప్యూటరులోకి రావడం లేదు

బ్రాడీపేట పద్దులు:
గుంటూరులో ముగ్గురు మిర్చి కమీషన్ వ్యాపారులకు పద్దులు రాస్తాను. వాళ్ల బిల్లులు మూడు ఈమెయిల్ ఖాతాలకు వస్తాయి, నాలుగోది నా సొంతది. నాలుగింటినీ ఒక పాత డెబియన్ లినక్స్ కంప్యూటరులోకి దించేలా మా మేనల్లుడు ఫెచ్‌మెయిల్ అనే ప్రోగ్రాము పెట్టి వెళ్లాడు. ఐదు నిమిషాలకోసారి చూస్తుంది. దాని సెట్టింగుల ఫైలులో ఐమ్యాప్ అనీ, కీప్ అనీ రాసి ఉంది.

మొన్న 45 టిక్కీల (మిర్చి బస్తాల) లారీ బిల్లు ఒకటి ఎంత వెతికినా కంప్యూటరులో దొరకలేదు. ఫోనులో మాత్రం ఉంది, యార్డు గేటు దగ్గర నేనే తెరిచి చూశాను. అప్పటినుంచి గమనిస్తున్నాను: ఫోనులో ముందు తెరిచినవి రావు, తెరవనివి వస్తాయి. ఇంకో చిత్రం, కంప్యూటరుకు వచ్చినవన్నీ నేను ముట్టుకోకపోయినా ఫోనులో చదివేసినట్టు కనిపిస్తున్నాయి. 20వ తేదీలోపు త్రీబీ (నెలవారీ జీఎస్టీ రిటర్ను) వేయాలి. మేనల్లుణ్ణి అడిగితే "ఫోనులో తెరవకు మామయ్యా" అంటాడు. లారీ డ్రైవరు ఎదురుగా నిలబడి ఉంటే తెరవకుండా ఎలా?

గవర్నర్‌పేట పాతకాపు:
మీరు గమనించిన రెండు విషయాలకూ కారణం ఒకటేనండీ. ఐమ్యాప్ అంటే ఉత్తరాలను సర్వరులోనే ఉంచి చూసే పద్ధతి, అందులో 'చదివినది' అన్న గుర్తు కూడా సర్వరులోనే ఉంటుంది. ఫెచ్‌మెయిల్ ఆ గుర్తు లేనివాటినే కొత్తవిగా లెక్కేసి తెస్తుంది, తెచ్చాక తనే గుర్తు పెడుతుంది. ఆ ఒక్క గుర్తు కోసం మీరూ అదీ పోటీ పడుతున్నారు.

ఐమ్యాప్ బదులు పాప్3 (ఉత్తరాలను దించుకునే ఇంకో పద్ధతి) పెట్టి, కీప్‌తో పాటు యూఐడీఎల్ అనే మాట చేర్చండి. అప్పుడు ఏవి తెచ్చిందో మీ కంప్యూటరులోనే .ఫెచ్ఐడీస్ అనే ఫైలులో రాసుకుంటుంది, ఫోనుతో పని లేదు. మొదటిసారి పాతవన్నీ మళ్లీ దిగుతాయి, కంగారు పడకండి. కీప్ అంటే దించాక కూడా ఉత్తరాన్ని సర్వరులో ఉంచమని, దాన్ని మాత్రం ఏ ఖాతాకూ తీయవద్దు. ఒకసారి కొత్త ఖాతా చేరుస్తూ దాన్ని మరిచిపోయాను. దించిన ప్రతి ఉత్తరాన్నీ సర్వరు నుంచి తుడిచేసింది. ఆ వారం ఇంట్లో నాకు అన్నం సహించలేదు.

ఆటోనగర్ రాత్రి షిఫ్టు:
పాప్3తో సాధారణంగా ఇన్‌బాక్సు ఒక్కటే వస్తుంది, పంపినవి రావు. పద్దులకు అవీ కావాలి కదా. ఫెచ్‌మెయిల్ బదులు ఎంబీసింక్ అనే ప్రోగ్రాము పెట్టుకోండి, డెబియన్‌లో ఐసింక్ అనే పేరుతో దొరుకుతుంది. ఖాతాకో ఛానెల్ (సర్వరునూ కంప్యూటరునూ జతచేసే అమరిక), ఛానెలుకో మెయిల్‌డిర్ (ఉత్తరాలు దాచే ఫోల్డరు), నాలుగూ కలిపి ఒక గ్రూపు. చదివినా చదవకపోయినా అన్నీ వస్తాయి, గుర్తులు రెండు వైపులా సరిపోతాయి. జీమెయిల్ అయితే ఇన్‌బాక్సులోవి కూడా మళ్లీ కనిపించే 'ఆల్ మెయిల్' ఫోల్డరును వదిలేయండి, లేకపోతే ఒకే బిల్లు రెండుసార్లు దిగుతుంది.

బ్రాడీపేట పద్దులు:
ప్రస్తుతానికి పాతకాపు గారి మాటే విన్నాను. 45 టిక్కీల బిల్లు వచ్చింది. దానితో పాటు నేను తెలియకుండా వదిలేసినవి ఇంకో పదకొండు వచ్చాయి, రెండు పోయిన నెలవి. ఎంబీసింక్ సంగతి 20 దాటాక చూస్తాను.