జెనెసిస్ జీ80 మూడేళ్ళు నడిపాక: సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవచ్చా, లెక్సస్ ఈఎస్‌కే పోవాలా?

కోనసీమ_ఫ్రిస్కో
అందరికీ నమస్కారమండి. 2022 మార్చిలో కొత్త జెనెసిస్ జీ80 (హ్యుందాయ్ వాళ్ళ లగ్జరీ బ్రాండ్ సెడాన్) తీసుకున్నాను, 2.5 టర్బో, వెనక చక్రాల డ్రైవ్. ఇప్పటికి 41 వేల మైళ్ళు తిరిగింది. ఇప్పుడు మా తమ్ముడు అదే 2022 మోడల్ సెకండ్ హ్యాండ్‌లో ఒకటి చూశాడు, 38 వేల మైళ్ళు, 33 వేల డాలర్లు చెప్తున్నారు. ఇంట్లో సగం మంది టొయోటా వాళ్ళ లగ్జరీ కారు లెక్సస్ ఈఎస్ అంటున్నారు, మిగతా సగం మాట్లాడకుండా క్యామ్రీ కొనుక్కోమంటున్నారు. నా అనుభవం రాస్తాను, మీరూ చెప్పండి.

అన్నిటికంటే ముందు నిశ్శబ్దం. ఐ-35 మీద 75లో పోతున్నా వెనక సీట్లో ఉన్న మా పాపతో గొంతు పెంచకుండా మాట్లాడొచ్చు. మా నాన్న ఆర్టీసీలో 31 ఏళ్ళు డ్రైవర్‌గా చేశారు, పోయిన వేసవిలో ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొస్తుంటే సిగ్నల్ దగ్గర "ఏరా, బండి ఆగిపోయిందా?" అని కంగారుపడి స్టీరింగ్ వైపు చెయ్యి కూడా చాపారు. సిగ్నల్‌లో ఇంజన్ దానంతటదే ఆగి, బ్రేక్ వదలగానే మళ్ళీ అందుకుంటుంది నాన్నా అని చెప్పాను. తర్వాత సీట్లోంచి వచ్చే చల్లగాలికి అరచెయ్యి పెట్టి చూసుకుని, ఇల్లు చేరేదాకా ఇంకో మాట మాట్లాడలేదు. ఇండికేటర్ వెయ్యగానే స్పీడోమీటర్ ఉండే గుండ్రంలో పక్క లేన్ కెమెరా బొమ్మ వస్తుంది, మా ఆవిడ ఫ్రీవే మీద ధైర్యంగా లేన్ మారేది దీని వల్లే. లోపలి చెక్క మెరుపు పాలిష్ లేకుండా మాట్‌గా ఉంటుంది, వేలితో రాస్తే గీత గీతా తెలుస్తుంది.

డిక్కీ మాత్రం 13 క్యూబిక్ అడుగులే. అమ్మా నాన్నా వచ్చినప్పుడు 23 కేజీల పెట్టెలు నాలుగు, రెండు డిక్కీలో పట్టాయి, ఆవకాయ ఉన్న పెట్టె వెనక సీట్లో అమ్మ పక్కన, నాలుగోది ఫ్రెండ్ వ్యాన్‌లో వచ్చింది. ప్రీమియం పెట్రోల్ పోయమంటారు. మైలేజీ కంపెనీ చెప్పింది గ్యాలన్‌కి సిటీలో 23 మైళ్ళు, హైవే మీద 32, నాకు రెండూ కలిపి 25 దాకా వస్తోంది. పవర్‌ట్రెయిన్‌కి, అంటే ఇంజన్, గేర్‌బాక్స్‌లకి, 10 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళ వారంటీ, మొదటి మూడేళ్ళు సర్వీసు ఉచితం.

ఓరుగల్లు_97
ఫొటోలు పెట్టన్నా. కలర్ ఏంది?

పల్నాటి_ఎడిసన్
మాస్టారు, వారంటీ గురించి అట్టా రాస్తే చదివేవాళ్ళు మోసపోతారు. ఆ 10 ఏళ్ళు మొదట కొన్నవాళ్ళకే. మీ తమ్ముడు రెండో ఓనరు, ఆయనకి 5 ఏళ్ళు, 60 వేల మైళ్ళల్లో మిగిలిందే వస్తది. 38 వేలు తిరిగిన కారు అంటున్నారు కాబట్టి చేతికొచ్చేది 22 వేల మైళ్ళు. ముందు ఇది సరిచెయ్యండి.

కోనసీమ_ఫ్రిస్కో
నేను రాసింది నా కారు గురించండి, నేను మొదటి ఓనర్నే. తమ్ముడు చూసింది సర్టిఫైడ్ ప్రీ-ఓన్డ్, అంటే కంపెనీ తరఫున పరీక్షించి అమ్మే పాత కారు. అందులో కంపెనీయే పవర్‌ట్రెయిన్‌కి 10 ఏళ్ళు, లక్ష మైళ్ళు మళ్ళీ ఇస్తుంది, మొదటిసారి అమ్మిన తేదీ నుంచి లెక్క. ఓరుగల్లు తమ్ముడూ, ముదురు ఆకుపచ్చ, రాత్రి పెడతాను ఫొటోలు.

పల్నాటి_ఎడిసన్
మొదటిసారి అమ్మిన తేదీ నుంచి! ఇప్పుడు మీరే ఒప్పుకున్నారుగా, 10 కాదు అది. 2022 నుంచి లెక్కేస్తే మిగిలేది ఏడు. డీలర్లు బోర్డు మీద 10 అని రాస్తారు, మనం కూడా అదే రాస్తే వాళ్ళకీ మనకీ తేడా ఏంది.

టొయోటా_మామ
2012 క్యామ్రీ, 2 లక్షల 14 వేల మైళ్ళు. ఆయిలు, టైర్లు, బ్యాటరీ, ఒకసారి ఆల్టర్నేటర్. ఇంకేం చెప్పను.

ఒకటి చెప్తాను. 2011, 2012 హ్యుందాయ్ సొనాటాలని ఇంజన్ లోపం వల్ల 2015లో రీకాల్ చేశారు, 2017లో ఇంకా పెంచారు. ఆ హ్యుందాయే కదా ఈ జెనెసిస్‌కీ తల్లి కంపెనీ. పేరు మార్చి రెక్కల లోగో పెడితే సరిపోతుందా?

సీమ_ఆస్టిన్
మామా, ఆ రీకాల్‌లో ఈ కారు లేదు, దానికీ దీనికీ మధ్యన ఇంజన్ తరమే మారిపోయింది. పదేళ్ళ నాటి సంగతి పట్టుకుని ఎన్నాళ్ళు మాట్లాడతారు. కొరియా కారు అంటేనే చులకన మనోళ్ళకి. మాది పెనుకొండ దగ్గర. 2019లో అక్కడ హ్యుందాయ్ గ్రూపు కియా ఫ్యాక్టరీలో సెల్టోస్ బయటికి రావడం మొదలైనప్పటి నుంచి మా చిన్నాయన కొడుకు అందులోనే పని చేస్తా ఉన్నాడు. వర్షం లేక వేరుశెనగ ఎండిపోయే నేల అది, ఇప్పుడు హైవే పక్కన కొరియా భాషలో హోటల్ బోర్డులు ఉంటాయి. తలుపు మూసేటప్పుడు ఎంత సందు ఉండాల్నో మిల్లీమీటర్ల లెక్కన కొలుస్తారంట, తేడా వస్తే ఆ బండి పక్కకే. ఫోన్ చేసిన ప్రతిసారీ అదే చెప్తాడు వాడు. వాళ్ళ పనితనం చూడకుండా మాట్లాడితే నాకు బాధైతుంది.

టొయోటా_మామ
నేను మీ తమ్ముణ్ణి ఏమీ అనలేదు బాబూ. జీ80 పెనుకొండలో తయారవదు, కొరియాలోని ఉల్సాన్‌లో తయారవుతుంది.

సీమ_ఆస్టిన్
అది నాకూ తెలుసు మామా. నేను చెప్పేది మనసు గురించి.

శైలు_అట్లాంటా
ఎవరూ అడగట్లేదు కానీ ఆయన తమ్ముడికి పిల్లలున్నారా? వెనక చక్రాల డ్రైవ్ కాబట్టి వెనక సీటు మధ్యలో నేల మీద ఎత్తు దిమ్మ ఉంటుంది. మా ఆడపడుచు వాళ్ళకి ఈ కారే ఉంది, రెండు కార్ సీట్లు బిగించాక మధ్యలో కూర్చుంది నేనే, కమింగ్ అనే ఊరి నుంచి గుడికి వెళ్ళి వచ్చేసరికి మోకాళ్ళు పట్టేశాయి. ఇద్దరికైతే మహారాణిలా ఉంటుంది, అది మాత్రం నిజం.

ఓరుగల్లు_97
అన్నా గీ కార్లు దొంగలు ఎత్తుకపోతున్నరంటగా, ఇన్సూరెన్స్ ఇస్తలేరని విన్న.

కోనసీమ_ఫ్రిస్కో
అవి తాళంచెవి తిప్పి స్టార్ట్ చేసే కియాలు, హ్యుందాయ్‌లు తమ్ముడూ, ఇమ్మొబిలైజర్ (అసలు తాళంచెవి లేకపోతే ఇంజన్ స్టార్ట్ కాకుండా ఆపేది) లేనివి. 2022లో ఆ వీడియోలు తిరిగాయి కదా. ఇది బటన్ స్టార్ట్, ఇమ్మొబిలైజర్ ఉంటుంది. పెళ్ళి కాలేదండి శైలు గారూ మా తమ్ముడికి.

మామగారూ, 1989లో టొయోటా వాళ్ళు మొదటి లెక్సస్ ఎల్ఎస్ 400ని 35 వేల డాలర్లకి తెచ్చినప్పుడు కూడా కొందరు ఇలాగే అన్నారు, టొయోటాకి కొత్త పేరు పెట్టారని. ఇవాళ ఆ మాట అనేవాళ్ళెవరూ లేరు. ఈ కంపెనీ 2008లో హ్యుందాయ్ జెనెసిస్ అని తెచ్చింది, 2009కి ఉత్తర అమెరికా కార్ ఆఫ్ ది ఇయర్ దానికొచ్చింది. 2015 నవంబర్‌లో బ్రాండ్ విడిగా పెట్టారు, 2019లో జీ70కి అదే అవార్డు. బీఎండబ్ల్యూలో ఎమ్ అనే స్పోర్ట్స్ కార్లు చేసిన ఇంజనీర్ ఆల్బర్ట్ బీర్మన్‌ని తెచ్చుకున్నారు. ఊరికే లోగో మార్చినవాళ్ళు ఇంత పని చెయ్యరు కదండీ.

పల్నాటి_ఎడిసన్
లెక్సస్ మొదటి రోజు నుంచే షోరూమ్ విడిగా పెట్టింది మాస్టారు, దాన్ని దీన్ని ఒకటి చెయ్యకండి. ఇది హ్యుందాయ్ షోరూమ్‌లోనే ఒక మూల మొదలైంది. అవార్డులు చూసి రేపు ఎవరూ మీ కారు కొనరు. సెకండ్ హ్యాండ్ రేటు చెప్పండి. 2022లో కొత్తదానికి మీరు ఎంత పెట్టారు, ఇప్పుడు ఎంత ఇస్తామంటున్నారు, ఆ రెండు అంకెలు రాయండి చాలు.

కోనసీమ_ఫ్రిస్కో
52 పెట్టాను. 29 ఇస్తామన్నారు పోయిన నెల. దాచుకోవాల్సిందేముంది. నేను అమ్మట్లేదు కదా, ఇంకో ఏడేళ్ళు నడుపుతాను. పైగా ఆ పడిపోయిన డబ్బంతా మొదట కొన్నవాడిది, తమ్ముడికి అది లాభమే కదండీ.

పల్నాటి_ఎడిసన్
మూడేళ్ళలో 23 వేలు. గుంటూరులో మా ఇంటి పై అంతస్తు స్లాబుకి అంత కాలేదు. నిజం చెప్తే బాధపడతారు గానీ, బెంజ్ కొనేంత లేక, క్యామ్రీలో దిగితే నలుగురూ ఏమనుకుంటారో అని భయపడి మధ్యలో ఇలాంటివి కొంటారు మనోళ్ళు. అది షోకి కొన్న కారే.

శైలు_అట్లాంటా
అయ్యో, అంత మాట ఎందుకండీ.

కోనసీమ_ఫ్రిస్కో
ఏవండీ, మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. 14 ఏళ్ళు పాత కార్లే నడిపాను ఈ దేశంలో, మూడు కార్లు, మూడూ 5 వేల లోపువి. ఒక చలికాలం హీటర్ పనిచెయ్యకపోతే దుప్పటి కప్పుకుని ఆఫీసుకెళ్ళాను. మా నాన్న 31 ఏళ్ళు వేడి ఇంజన్ పక్కన కూర్చుని నడిపారు, వేసవిలో ఎడం కాలు పొక్కులెక్కేది, అమ్మ వెన్న రాసేది. ఆయన్ని చల్లటి సీట్లో కూర్చోబెట్టాలనుకున్నాను, కూర్చోబెట్టాను. అది షో అయితే షోయే. మీరు వారంటీ అంటారు, షోరూమ్ అంటారు, రీసేల్ అంటారు, చివరికి మనిషిని అంటున్నారు. ఒక్కసారైనా ఆ కారు నడిపారా మీరు?

సీమ_ఆస్టిన్
బాగా అడిగినావన్నా.

టొయోటా_మామ
లెక్సస్ ఈఎస్‌లో హైబ్రిడ్, 300హెచ్, మైలేజీ 44. ఊరికే చెప్తున్నా.

పల్నాటి_ఎడిసన్
నడపలేదు. అంతకంటే మంచిది నడిపాను.

మీ నాన్నగారి సంగతి నాకు తెలీదు, ఆ మాట అనకుండా ఉండాల్సింది, క్షమించండి. కానీ నేను ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో కూడా చెప్తాను. 2019లో ఒక జర్మన్ కారు తీసుకున్నా, కంపెనీ పేరు అనవసరం, 61 వేలు, అంతా లోనే. హెచ్1 వర్క్ వీసా మీద ఉన్నా. 2020 ఏప్రిల్‌లో ఉద్యోగం పోయింది. 60 రోజులు టైము. ఇంకో ఉద్యోగం దొరక్కపోతే సామాను సర్దుకుని పోవాలి, మా ఆవిడకి ఏడో నెల. కారు అమ్ముదామని తీసుకెళ్తే లోన్ బాకీ కంటే 9,400 తక్కువ ఇస్తామన్నారు. అంటే కారు ఇచ్చేసి, పైన 9,400కి చెక్కు కూడా నేనే రాయాలి. రాశాను. పార్కింగ్ లాట్‌లో డిక్కీలోంచి గొడుగు, చిన్న వినాయకుడి బొమ్మ తీసుకుని ఫ్రెండ్ కారెక్కి ఇంటికొచ్చా. 53వ రోజున ఉద్యోగం దొరికింది. ఇప్పటికీ హెచ్1 మీదే ఉన్నా, గ్రీన్ కార్డ్ ప్రయారిటీ డేట్, అంటే క్యూలో నా తేదీ, 2016, నా వంతు ఇంకా రాలేదు.

మీరు ఏడేళ్ళు నడుపుతాను అని తేలిగ్గా రాశారు. ఏడేళ్ళు ఇక్కడే ఉంటాననే నమ్మకం ఉన్నవాళ్ళు అట్టా రాయగలరు. నాకు వచ్చే ఏడాది మీదే నమ్మకం లేదు. కాబట్టి నేను ఏది కొన్నా రేపు పొద్దున అమ్మితే ఎంత అనే చూస్తా. మీరు సిటిజనా?

కోనసీమ_ఫ్రిస్కో
గ్రీన్ కార్డ్ అండి. మా ఆవిడ కంపెనీ ద్వారా ఈబీ1 అనే గ్రీన్ కార్డ్ కేటగిరీలో వచ్చింది, 2021లో. వచ్చిన ఏడాదికే ఈ కారు కొన్నాను, అంతకు ముందు కొత్త కారు మాటే అనుకోలేదు. మీరు అడిగాక ఇప్పుడు తడుతోంది నాకు.

ముందే ఈ సంగతి చెప్పి ఉంటే నేనూ అలా గొంతు పెంచేవాణ్ణి కాదు.

పల్నాటి_ఎడిసన్
అది సరే. మీ తమ్ముడు ఏ వీసా?

కోనసీమ_ఫ్రిస్కో
స్టెమ్ ఓపీటీ, చదువయ్యాక కొంతకాలం పనిచేసుకోనిచ్చే అనుమతి. ఇంకో 16 నెలలుంది. ఈ ఏడు హెచ్1 లాటరీలో రాలేదు.

ఓరుగల్లు_97
నాది గదే కథ అన్నా. రెండుసార్లు రాలే. నేనైతే 2014 కొరోలా కొన్న, 7 వేలు, మొత్తం క్యాషే.

పల్నాటి_ఎడిసన్
లోన్ ఎంత?

కోనసీమ_ఫ్రిస్కో
8 వేలు వాడి దగ్గరుంది, 25 వేలు లోన్. క్రెడిట్ హిస్టరీ పెద్దగా లేదు కాబట్టి 9 శాతం పైనే చెప్తున్నారు.

పల్నాటి_ఎడిసన్
వద్దు మాస్టారు. కారు మంచిదే అయ్యుండొచ్చు, మీరు రాసిన దాన్ని బట్టి నేను కాదనను. 16 నెలల తర్వాత ఆ లోన్ బాకీ ఎంతుంటది, ఆ రోజుకి కారు రేటు ఎంతుంటది, కాగితం మీద వేసి చూపించండి తమ్ముడికి.

సీమ_ఆస్టిన్
అట్లయితే మనోళ్ళు ఎప్పటికీ పాత కార్లే నడపాల్నా? వీసా రాకపోతే అన్న తీసుకుంటాడు ఆ కారు, బయట అమ్మేదెందుకు?

శైలు_అట్లాంటా
అది బాగుంది. అన్న పేరు మీదే కొని, తమ్ముడు నెలనెలా కట్టుకుంటే?

పల్నాటి_ఎడిసన్
అన్నదమ్ముల మధ్య లోన్ పెట్టకండి, అది ఇంకో కథ, దానికి వేరే చర్చ కావాలి.

కోనసీమ_ఫ్రిస్కో
లోన్ లెక్క వేశానండి ఇప్పుడే, వడ్డీతో సహా. వాడికి స్క్రీన్ షాట్ పంపాను. చదివాడు, రిప్లై ఇవ్వలేదు ఇంకా. శనివారం ఇంటికొస్తాడు, నా కారు తాళం వాడికిచ్చి రోజంతా నడుపుకోమంటాను, తర్వాత కూర్చుని మాట్లాడతాను. పల్నాటి గారూ, మీ నంబర్ ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టగలరా, వాడు మీతో మాట్లాడితే బాగుంటుంది, నేను చెప్తే వినడు.

పల్నాటి_ఎడిసన్
పెట్టాను. సాయంత్రం ఏడు తర్వాత చెయ్యమనండి, పాపని ఈతకి తీసుకెళ్ళి వస్తా.