తేదీ లేని యాత్రా వ్యాసాన్ని ప్రచురించవచ్చా?

నల్లమల బాటసారి:
పోయిన నెల హైదరాబాద్ నుంచి కారులో శ్రీశైలం బయలుదేరాం. రాత్రిపూట వెళ్తే ఎండ ఉండదు, తెల్లవారేసరికి మల్లన్న దర్శనం అయిపోతుందని ఒక యాత్రా వెబ్‌సైట్‌లో చదివి, భోజనాలు ముగించుకుని మరీ వెళ్లాం. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. అమ్రాబాద్ టైగర్ రిజర్వు గుండా పోయే ఆ దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. డెబ్బై ఏళ్లు దాటిన మా అత్తగారు తెల్లవార్లూ కారు సీట్లోనే కూర్చున్నారు.

ఆ నిషేధం నిన్న మొన్న వచ్చింది కాదు. రాసినవారు ఆ దారిలో రాత్రిపూట వెళ్లి ఉండరు, వెళ్లినవారిని అడిగి కూడా ఉండరు. వ్యాసానికి తేదీ లేదు, పేరు లేదు. ఎవరు పరిశీలించారు, ఎప్పుడు పరిశీలించారు అన్నది చెప్పలేని వ్యాసాన్ని అసలు ప్రచురించకూడదని నా వాదన.

ఇద్దరి వెబ్‌సైటు:
మీ అత్తగారు పడ్డ కష్టానికి బాధగా ఉందండీ. కానీ మాలాంటి వాళ్ల సంగతి కూడా చూడండి. మేం ఇద్దరమే, ఉద్యోగాలు చేసుకుంటూ రాస్తున్నాం. ఆలయ కార్యాలయాలకు ఫోను చేస్తే చాలాసార్లు ఎత్తేవారే ఉండరు. మీరు చెప్పిన నియమం పెడితే డబ్బున్న పెద్ద సంస్థలే మిగులుతాయి. అవి తిరుపతి గురించి, అరకు గురించి రాస్తాయి. పేరులేని చిన్న గుడి గురించి రాసేదెవరు?

పాత సబ్‌ఎడిటర్:
అన్ని సంగతులనూ ఒకే త్రాసులో తూచడం వల్లే ఈ తగవు. రామప్ప గుడిని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని ఒకసారి సరిచూసుకుంటే చాలు, అది మారదు. దారులు, వేళలు, రుసుములు మారుతూనే ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. బెలూం గుహలు నంద్యాల జిల్లాలోకి వచ్చాయి. ఇంకా కర్నూలు జిల్లా అనే రాస్తున్నారు. 3,229 మీటర్ల ఆ గుహలు దేశంలోకెల్లా పొడవైనవని కూడా రాస్తున్నారు. మేఘాలయలో అంతకు ఎన్నో రెట్లు పొడవైన గుహలున్నాయి. ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్న వాక్యం పది చోట్ల కనిపించినా, అది పది సాక్ష్యాలు కాదు, ఒక్కటే. నా బల్ల మీదికి వచ్చిన ప్రతి వార్తలోనూ నేను మొదట వెతికింది ఆ మాట మొదట ఎవరి నోట వచ్చిందన్నదే.

లేపాక్షి వాసి:
సరిచూడటం పేరుతో కథలను కొట్టేయకండి. మా ఊరి వీరభద్రాలయంలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగని యాత్రికుడు అరుదు. ఒక ఇంగ్లీషు ఇంజనీరు దాన్ని కదిలించబోయాడని చెప్పుకుంటారు. ఆ ‘చెప్పుకుంటారు’ అన్న మాట తీసేసి చరిత్రగా రాసినప్పుడే అది తప్పవుతుంది. మాట ఉంచితే కథ బతుకుతుంది, చరిత్రా చెడదు.

నల్లమల బాటసారి:
కథల విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఇద్దరి వెబ్‌సైటు వారికి ఒక్క మాట. ఫోను ఎత్తలేదు సరే, అప్పుడు ‘ఈ వేళలను మేం సరిచూడలేదు’ అని ఆ వాక్యం పక్కనే రాయడానికి డబ్బు అక్కర్లేదు కదా? అది కూడా రాయలేకపోతే ఆ వాక్యమే తీసేయండి. సమాచారం లేకపోతే మనిషి ఎవరినైనా అడుగుతాడు. తప్పుడు సమాచారం ఉంటే అడగడం మానేస్తాడు. మేం మానేశాం.

ఇద్దరి వెబ్‌సైటు:
మీ చివరి మాట నాకు తగిలిందండీ. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగాక పాపికొండల విహారం ఆగిపోయింది. మా పేజీలో మాత్రం రోజూ పడవలుంటాయన్న వాక్యం నెలల తరబడి అలాగే ఉండిపోయింది. ఎవరో పాఠకుడు రాస్తే గానీ చూసుకోలేదు. దారులు, వేళలు, పడవలు, ఈ మూడింటి పక్కన సరిచూసిన తేదీ ఈ వారం నుంచే పెడతాం. తేదీ లేని వ్యాసమంతా తీసేయాలంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. మా ఊరి చెరువుగట్టు మీది గుడి గురించి తెలుగులో ఉన్నది ఆ ఒక్క పేజీయే.