రోజూ ఆఫీసుకు ఆల్ఫా 156 జీటీఏ: సరదానా, కొని తెచ్చుకునే తలనొప్పా?

కొత్తబండి_రెడింగ్
యూకేలో, రెడింగ్‌లో ఉంటాను. 2003 మోడల్ ఆల్ఫా రోమియో 156 జీటీఏ సెడాన్ ఒకటి అమ్మకానికి కనిపించింది. 3.2 లీటర్ల వి6, 250 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లు. సర్వీస్ బిల్లులు ఫైలు నిండా ఉన్నాయట. ఇంట్లో ఇంకో కారు లేదు. వారానికి మూడు రోజులు ఆఫీసుకు దీంట్లోనే వెళ్లాలి. మా ఆవిడేమో "పోయిపోయి ఇటలీ బండా, అదీ ఇరవై ఏళ్లు దాటిందా" అంటోంది. రోజువారీ వాడకానికి ఇది పనికొస్తుందా, లేక ఇంటి ముందు ఇంకో మామూలు కారు ఉన్నవాళ్లకేనా? నడిపినవాళ్లు చెప్పండి.

టయోటా_చాలు
తమ్ముడూ, ఏనుగుని కొనడం తేలికే, మేపడమే కష్టం. లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు వస్తే గొప్ప. టాక్స్ దంచుతారు. ఏదైనా విరిగితే పార్ట్ ఇటలీ నుంచి వచ్చేదాకా నువ్వు బస్టాప్‌లో నిలబడాలి. ఒక్క కారే ఉన్న ఇంటికి ఇది కాదు. చెల్లెమ్మ చెప్పినమాట విను.

బుస్సో_భక్తుడు
టయోటా అన్నయ్య ఎప్పుడూ లెక్కలే చెప్తాడు, కారు గురించి చెప్పడు. నేను చెప్తా. బానెట్ ఎత్తగానే ఆరు క్రోమ్ గొట్టాలు వరసగా మెరుస్తూ కనిపిస్తాయి. ఈ రోజుల్లో ఇంజిన్ మీద నల్ల ప్లాస్టిక్ మూత తప్ప ఏముంటుంది? ఈ వి6ని తయారుచేసిన ఇంజనీరు జుసెప్పే బుస్సో. 1979లో ఆల్ఫా 6తో మొదలై, 2005 చివర్లో అరేసే ఫ్యాక్టరీలో దీని ఉత్పత్తి ఆగేదాకా పాతికేళ్లకు పైగా నడిచింది. అది ఆగిన కొద్ది రోజులకే, 2006 జనవరిలో ఆయనా పోయారు.

నాలుగు వేల ఆర్‌పీఎం దాటాక ఆ గొంతు మారే తీరు రాసి చెప్పలేను. ఇక స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి రెండు చుట్లు కూడా తిరగదు, అంత చురుకు. వాల్టర్ డి సిల్వా గీసిన బాడీ, కిటికీ మూలన దాచేసిన వెనక డోర్ హ్యాండిల్స్. 1998లో 156కి యూరోపియన్ కార్ ఆఫ్ ది ఇయర్ ఊరికే ఇవ్వలేదు. సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్లాలనిపించే కారు ఇంకోటి చూపించండి.

స్పానర్_బాబాయ్
ఇద్దరూ కొంచెం ఆగండి. నేను ఈ బండ్ల కింద పడుకుని చాలా కాలం గడిపినవాణ్ణి.

ముందు టాక్స్. కిలోమీటరుకు 225 గ్రాముల కంటే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదిలే కార్లకు భారీ రేటు పడేది 2006 మార్చి 23 తర్వాత రిజిస్టరైన వాటికి. జీటీఏలు అంతకుముందువి. బ్యాండ్ కె అనే పన్ను మెట్టు దగ్గర ఆగిపోతాయి. తక్కువేమీ కాదు, కానీ దంచేంత కాదు. లండన్‌లోకి వెళ్లే పని ఉంటే మాత్రం యూలెజ్ (ఎక్కువ పొగ వదిలే బండ్లకు రుసుం వేసే జోన్) చూసుకో. 2023 ఆగస్టు నుంచి అన్ని బరోల్లోనూ ఉంది, నిబంధనకు సరిపోని బండికి రోజుకు పన్నెండున్నర పౌండ్లు. ఆ కాలం పెట్రోల్ కార్లలో యూరో 4 పొగ ప్రమాణం ఉందో లేదో బండిని బట్టి మారుతుంది, కాబట్టి నంబర్ కొట్టి చూసుకోవడమే.

ఇంజిన్ అంటే భయపడతారుగానీ ఈ బండిలో గట్టి భాగం అదే. టైమింగ్ బెల్ట్ ఒక్కటి ఖాయంగా చూడాలి. తెగితే పిస్టన్లు వాల్వుల్ని కొట్టేస్తాయి. మైళ్లు తిరగకపోయినా నాలుగైదేళ్లకోసారి మార్చాల్సిందే. దాంతోపాటే వాటర్ పంప్. లోపల నీళ్లు తిప్పే ఇంపెల్లర్ ప్లాస్టిక్‌ది వద్దు, లోహంది వేయించు.

అసలు గండం గేర్‌బాక్స్‌లో ఉంది. 250 గుర్రాలు, 300 న్యూటన్ మీటర్ల టార్క్ మొత్తం ముందు చక్రాలకే, మధ్యలో రెండు చక్రాలకూ శక్తి పంచే మామూలు ఓపెన్ డిఫరెన్షియల్. మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే లోపలి చక్రం ఊరికే గిర్రున తిరుగుతుంది, స్టీరింగ్ చేతిలోంచి లాక్కుంటుంది. అలా తిరిగి తిరిగి కొన్నిట్లో డిఫరెన్షియల్ లోపల పిన్ కదిలి, కేసింగ్ పగిలి బయటికి వస్తుంది. అప్పుడు గేర్‌బాక్స్ మొత్తం పోయినట్టే. తెలిసినవాళ్లు ఒక చక్రం అలా ఊరికే తిరగకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, క్యూ2 గానీ క్వైఫ్ గానీ, వేయిస్తారు. ముందు ఓనరు వేయించి, బిల్లు చూపిస్తే ధర కొంచెం ఎక్కువైనా ఆ బండే తీసుకో. ఆ చక్రం లాగుడూ చాలావరకు తగ్గుతుంది.

ఇక ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంప్ బాగా కిందికి ఉంటుంది, మన వీధుల్లో స్పీడ్ బంప్‌లకు తగులుతుంది. గార్డ్ ఉందో లేదో చూడు. ముందు సస్పెన్షన్‌లో పై ఆర్మ్‌ల (విష్‌బోన్) రబ్బరు బుష్‌లు కిర్రుకిర్రుమంటాయి, దానికి టెన్షన్ పడకు.

టయోటా_చాలు
బాబాయ్, మీరు చెప్పిందంతా నా వైపు సాక్ష్యంలానే ఉంది.

స్పానర్_బాబాయ్
కాదురా. నెలల తరబడి షెడ్డులో పడి ఉన్న ఆల్ఫా కంటే వారానికి మూడు రోజులు తిరిగే ఆల్ఫా మేలు. నిలిపి ఉంచితే సీళ్లు ఎండుతాయి, బ్రేకులు పట్టేస్తాయి, బ్యాటరీ చచ్చి ఎలక్ట్రిక్ తిక్కలు మొదలవుతాయి. "చాలా తక్కువ తిరిగింది" అని మురిసిపోయి కొన్నవాళ్లే నా దగ్గరికి ఎక్కువ వచ్చారు.

టయోటా_చాలు
మరి చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు సంగతి? ఆ ఉప్పునీళ్లలో రోజూ తిప్పితే ఫ్లోర్, సిల్స్ (తలుపుల కింది అంచులు), ఇంజిన్‌ని మోసే ముందు సబ్‌ఫ్రేమ్ ఎన్నాళ్లుంటాయి? రబ్బరు ఎండితే కొత్తది వేసుకోవచ్చు. ఫ్లోర్ పోతే వెల్డింగ్. జీటీఏకే ప్రత్యేకమైన బంపర్లు, సైడ్ స్కర్ట్‌లు దొరకడం ఇప్పటికే కష్టం. రెండో కారు ఉన్నవాడు నవంబర్‌లో దీన్ని లోపల పెట్టి మార్చిలో తీస్తాడు. ఈ తమ్ముడికి ఆ వీలు లేదు కదా?

స్పానర్_బాబాయ్
ఆ మాట ఒప్పుకుంటా. కింద మైనం పూత వేయించి, వారానికోసారి అడుగుభాగం కడిగితే చాలావరకు ఆపొచ్చు. కానీ ఓపిక కావాలి.

లీడ్స్_అమ్మాయి
156లో 2.5 వి6 నడుపుతున్నాను, 190 హార్స్‌పవర్‌ది. అదే బుస్సో ఇంజిన్ కుటుంబం, అదే పాట. ముందు చక్రాల మీద భారం తక్కువ, ధర కూడా చాలా తక్కువ. జీటీఏ అనే మూడక్షరాలకు కట్టే అదనపు డబ్బుతో నాలాంటి బండికి బెల్ట్, పంప్, క్లచ్ అన్నీ చేయించి ఇంకా మిగులుతాయి. దీని గురించి ఎవరూ మాట్లాడరేంటో.

ఇంకోటి, మెకానిక్ ముఖ్యం. మా ఊళ్లో ఒక గ్యారేజ్ వాళ్లు ఆ కిర్రుమనే శబ్దానికి సస్పెన్షన్ సగం మార్చాలన్నారు. ఆల్ఫాలు తెలిసిన స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్తే పై ఆర్మ్‌లు రెండు మార్చి పంపించాడు. అలాంటి మనిషి మీకు దగ్గర్లో ఎక్కడున్నాడో కారు కంటే ముందు వెతకండి. సెలెస్పీడ్ (క్లచ్ పెడల్ లేని) గేర్‌బాక్స్ ఉన్నది ఎవరైనా అంటగడితే వద్దనండి.

బుస్సో_భక్తుడు
2.5 మంచిదే అక్కా, కాదనను. కానీ 3.2 నడిపాక మళ్లీ దాని దగ్గరికి మనసు పోదు.

హైదరాబాదీ_రేసర్
అన్నా, ఇక్కడ నుంచి చదువుతున్నా, నోరూరుతోంది. ఒకటి కొని హైదరాబాద్ పంపించుకోవచ్చా?

స్పానర్_బాబాయ్
ఈ వయసు కారుకి మామూలు దారి లేదు. వాడిన కారుని ఇండియాలోకి దిగుమతి చేసుకోవాలంటే మూడేళ్లు దాటకూడదని నియమం. నువ్వు ఇక్కడికొస్తే ఎక్కించుకుంటా.

కొత్తబండి_రెడింగ్
అందరికీ థాంక్స్. బాబాయ్ గారూ, నంబర్ కొట్టి ఆన్‌లైన్‌లో ఎమ్‌ఓటీ (ఏటా చేయించాల్సిన ఫిట్‌నెస్ టెస్టు) చరిత్ర చూశాను. మైలేజీ వరసగానే ఉంది. కానీ మధ్యలో రెండేళ్లు అసలు టెస్టే లేదు, ఆ తర్వాత మొదటి టెస్టులో అడుగున తుప్పు అని అడ్వైజరీ (హెచ్చరిక) రాశారు. తర్వాతి ఏడాది ఆ మాట లేదు. బిల్లుల ఫైల్లో వెల్డింగ్ బిల్లు కూడా లేదు.

టయోటా_చాలు
తుప్పు పైన నల్ల రంగు పూశారు. అంతే.

స్పానర్_బాబాయ్
ఈసారి నేనూ అదే అనుకుంటున్నా. అయినా చూడకుండా తీర్పు చెప్పలేం. శనివారం చూడ్డానికి వెళ్తే లిఫ్ట్ మీద పెట్టించి, కింది ప్లాస్టిక్ ట్రేలు విప్పించి స్క్రూడ్రైవర్‌తో సబ్‌ఫ్రేమ్ తట్టి చూడాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించు. అమ్మే ఆయన ముందే వేడిచేసి ఉంచితే ఎందుకో అడుగు. బెల్ట్ బిల్లు మీద తేదీ చూడు, మైళ్లు కాదు.

కొత్తబండి_రెడింగ్
లిఫ్ట్ సంగతి అమ్మేవాడికి నిన్ననే మెసేజ్ పెట్టాను. "ఇంకా ముగ్గురు అడుగుతున్నారు, త్వరగా తేల్చుకోండి" అన్నాడుగానీ లిఫ్ట్ గురించి ఏమీ చెప్పలేదు.

స్పానర్_బాబాయ్
ఆ ముగ్గురినీ కొనుక్కోనీ. లీడ్స్ అమ్మాయి చెప్పిన 2.5లు ఒక రెండు నెలలు చూడు, నచ్చినవి ఇక్కడ పెట్టు.